క్లబ్బులు మారుతూ ఆడిన స్ట్రైకర్ కోచ్ కావాలంటే

పదిహేనేళ్లలో ఎనిమిది తొమ్మిది క్లబ్బులకు ఆడి, ఎక్కడా మూడు సీజన్లకు మించి నిలవని ఫుట్‌బాల్ స్ట్రైకర్ (గోల్స్ కొట్టాల్సిన ముందువరస ఆటగాడు) దగ్గర ఆట మానేసే వేళకు రెండు ఆస్తులుంటాయి. రకరకాల కోచ్‌ల కింద పనిచేసిన అనుభవం ఒకటి. పెనాల్టీ బాక్స్‌లో ఎప్పుడు ఎటు కదలాలో కాళ్లకు పట్టిన తెలివి రెండోది. ఈ రెండూ కోచింగ్‌కి ముడిసరుకు మాత్రమే. మొదటిది రాసిపెట్టుకోకపోతే రెండేళ్లలో గుర్తుండదు. రెండోది మాటల్లోకి, సాధనలోకి మారకపోతే ఎదుటి కుర్రాడికి అందదు. మంచి స్ట్రైకర్లు కోచ్‌లుగా తడబడేది ఎక్కువగా ఈ రెండో దగ్గరే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాం.

ఆడుతున్నప్పుడే మొదలుపెట్టాల్సినవి

28 ఏళ్లు దాటాక ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి ట్రైనింగ్ సెషన్ అయ్యాక పది నిమిషాలు చాలు. రాయాల్సినవి ఇవి: ఆ రోజు సెషన్ ఉద్దేశం, మైదానంలో వాడిన స్థలం కొలతలు, ఎంతమంది ఎంతమంది మీద ఆడారు, ఒక్కో విడత ఎన్ని నిమిషాలు, మధ్యలో విరామం ఎంత, గోల్‌కి పెట్టిన ప్రత్యేక నిబంధన ఏమిటి, కోచ్ ఎక్కడ ఆట ఆపి ఏం చెప్పాడు. చాలామంది బొమ్మ గీసి వదిలేస్తారు. ఆరు నెలల తర్వాత ఆ బాణాలు చూస్తే, ఆ డ్రిల్ ఎందుకు చేశారో ఒక్క ముక్క గుర్తుకు రాదు. ఉద్దేశం, ఆపిన సందర్భం లేని బొమ్మ దేనికీ పనికిరాదు.

పలు క్లబ్బులు తిరిగినవాడికి ఇంకో వాటం ఉంది. సీజన్ మధ్యలో కోచ్ మారడం, కొత్త కోచ్ మొదటి వారం ఎలా నడిపాడో చూడటం ఒకే క్లబ్‌లో పాతుకుపోయిన ఆటగాడికి తక్కువగా దొరుకుతుంది. ఆ మొదటి వారాన్ని విడిగా రాసుకోండి: ఎవరితో ముందు మాట్లాడాడు, ఏ నియమాలు మార్చాడు, ఏవి ముట్టుకోలేదు, జట్టులోంచి తీసేసిన ఆటగాడికి ఎప్పుడు, ఎలా చెప్పాడు. ఏదో ఒకరోజు అదే పరిస్థితిలోకి మీరూ నడుచుకుంటూ వెళ్తారు.

కోచింగ్ లైసెన్స్ కూడా ఆడుతున్నప్పుడే మొదలవ్వాలి. ఆసియాలో ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) మెట్లు డి, సి, బి, ఎ, ప్రో. యూరప్‌లో యూఈఎఫ్‌ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) మెట్లు సి, బి, ఎ, ప్రో. యూఈఎఫ్‌ఏ నిర్దేశించిన కనీస శిక్షణ సి-కి 60 గంటలు, బి-కి 120, ఎ-కి 180, ప్రో-కి 360. గంటలు చూసి ఇదెంతలే అనుకోవద్దు. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య నిజమైన జట్టుతో పనిచేసిన అనుభవం చూపించాలి, కోర్సు సీట్లు తక్కువ, ప్రో వరకు వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. కొన్ని దేశాల సంఘాలు ప్రొఫెషనల్‌గా చాలాకాలం ఆడినవారికి దారి కొంచెం దగ్గర చేస్తాయి. మీకది వర్తిస్తుందో లేదో దరఖాస్తుకు ముందే సంఘాన్ని అడగండి. ఆట మానేశాక మొదలుపెడదామనుకున్నవారికి అవకాశం తలుపు తట్టే వేళకు చేతిలో బి లైసెన్స్ కూడా ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ప్రథమ చికిత్స, పిల్లల రక్షణ సర్టిఫికెట్లు కూడా వీటితోపాటే పూర్తిచేసుకోండి. అవి లేనిదే యూత్ జట్టు దగ్గరికి రానివ్వరు.

మొదటి ఉద్యోగం ఏది?

తొందరగా దొరికేది ఫస్ట్ టీమ్‌లో ఫార్వర్డ్‌ల కోచ్ పని. తీసుకోవద్దని కాదు గానీ, మొదటి పనిగా అది మిమ్మల్ని పెంచదు. వారానికి రెండుసార్లు నలుగురితో షూటింగ్ చేయించి ఇంటికి వెళ్తారు. జట్టు ఎంపిక, మార్పులు, డిఫెన్స్ నిర్మాణం, ఓడాక డ్రెస్సింగ్ రూమ్, అన్నీ వేరేవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. అండర్-15 నుంచి అండర్-18 మధ్య ఏదో ఒక జట్టుకు పూర్తి బాధ్యత తీసుకోవడం మేలు. అక్కడ చేసే పొరపాట్లు రేపటి పేపర్లో రావు.

ఇటలీ స్ట్రైకర్ సిమోనె ఇన్‌జాగి వెళ్లింది ఈ దారిలోనే. పియాచెంజాలో మొదలై కార్పి, నొవారా, లుమెజానె, బ్రెషెల్లో లాంటి చిన్న క్లబ్బులు లోన్‌లో (కొంతకాలానికి అరువుగా వెళ్లి ఆడటం) తిరిగి, 1999లో రోమ్ క్లబ్ లాజియో చేరాడు. అక్కడినుంచి కూడా సాంప్డోరియాకి, అట్లాంటాకి లోన్‌లో వెళ్లొచ్చాడు. 2010లో ఆట మానేసి లాజియో కుర్రాళ్ల జట్లను పట్టుకున్నాడు. 2016 ఏప్రిల్‌లో గానీ సీనియర్ జట్టు చేతికి రాలేదు. ఆ తర్వాత ఇంటర్ మిలాన్ కోచ్‌గా 2023, 2025లో చాంపియన్స్ లీగ్ ఫైనల్స్‌కి జట్టును చేర్చాడు, 2024లో ఇటలీ లీగ్ గెలిచాడు. కుర్రాళ్ల దగ్గర గడిపిన ఆ ఆరేళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నిజానికి పునాది అక్కడే పడింది.

నిన్నటి సహ ఆటగాళ్లకే కోచ్ అయ్యే పరిస్థితి వస్తే మొదటి రోజే కొన్ని తెంచేయాలి. ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రండి. డ్రెస్సింగ్ రూమ్‌లో మీ పాత సీటు వదిలేయండి. జరిమానాల జాబితా మీరు పెట్టకుండా కెప్టెన్‌తో పెట్టించండి. మీకు దగ్గరి స్నేహితుడైన ఆటగాడిని పిలిచి, జట్టు విషయంలో స్నేహం పనిచేయదని నాలుగు గోడల మధ్య ఒకసారి చెప్పండి, మళ్లీ ఎత్తొద్దు. ఈ పని ఒక వారం ఆలస్యమైతే, అతన్ని మొదటిసారి బెంచ్ మీద కూర్చోబెట్టినప్పుడు జట్టంతా మీ మొహమే చూస్తుంది.

కాళ్లకు తెలిసింది నోటితో చెప్పడం

స్ట్రైకర్‌గా ఆడినవాడు కోచ్‌గా చెప్పే మొదటి మాటలు ఇలా ఉంటాయి: ‘కంగారుపడకు’, ‘ముందే ఊహించు’, ‘అక్కడ ఉండాల్సింది నువ్వు’. వీటిలో ఒక్కటీ కుర్రాడు చేయగలిగే పని కాదు. మీరు చెప్పేది కంటికి కనిపించే గుర్తుగా గానీ, శరీరం చేసే కదలికగా గానీ ఉండాలి. ముఖ్యమైనవి కొన్ని చూద్దాం.

నిలబడే చోటు: సెంటర్ బ్యాక్ (నడిమి డిఫెండర్) కళ్లముందు కాదు, అతని వీపు వైపు, భుజానికి కాస్త వెనక. బంతినీ స్ట్రైకర్‌నీ ఒకేసారి చూడలేక అతను తల తిప్పాలి. తల బంతివైపు తిరిగిన క్షణమే కదలాలి.

పరుగు ఎప్పుడు: పాస్ ఇచ్చేవాడు బంతిని కాలి కిందనుంచి అర మీటరు ముందుకు తోసి తల ఎత్తినప్పుడు. బంతి ఇంకా కాలికిందే ఉంటే అతను ఎంత మంచివాడైనా పాస్ ఇవ్వలేడు. అప్పుడే పరుగెత్తితే పాస్ వచ్చేలోపే డిఫెండర్లను దాటిపోతాడు, ఆఫ్‌సైడ్. పాస్ కొట్టేశాక పరుగెత్తితే గోల్‌కీపర్ ముందుకొచ్చి తీసేసుకుంటాడు. ‘పరుగు ఆలస్యమైంది’ అనకుండా ‘అతని రెండో టచ్ చూశావా?’ అని అడగండి.

పరుగు ఎలా: ముందు రెండు మూడు అడుగులు బంతివైపు, తర్వాత ఒక్కసారిగా వెనక ఖాళీలోకి. ఆ అడుగులు నమ్మేలా వేయాలి. బద్ధకంగా వేస్తే డిఫెండర్ కదలడు. వెనక్కి తిరిగాక నేరుగా గోల్ వైపు పోకుండా డిఫెన్స్ గీతకు సమాంతరంగా ఒకటి రెండు మీటర్లు నడిచి వంపు తీసుకుంటే ఆఫ్‌సైడ్‌లో చిక్కడు. బంతి ఆడిన క్షణంలో చివరినుంచి రెండో ప్రత్యర్థితో సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదనీ, త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడే ఉండదనీ కుర్రాళ్లకు గుర్తుచేస్తూ ఉండండి. తెలిసినట్టే తలూపుతారు, మ్యాచ్‌లో మర్చిపోతారు.

క్రాస్‌కి (పక్కనుంచి గోల్ ముందుకు కొట్టే బంతికి): కుర్రాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు, క్రాస్ రాకముందే 5.5 మీటర్ల గోల్ ఏరియాలోకి వెళ్లి నిలబడిపోవడం. నిలబడ్డవాడు పరుగున వచ్చి ఎగిరే డిఫెండర్‌ని గెలవలేడు. పెనాల్టీ స్పాట్ దగ్గరో, ఇంకా వెనకో ఆగి, క్రాస్ కొట్టేవాడి ఆధారపు కాలు నేలకు ఆనగానే బయల్దేరాలి. ఇద్దరు ఫార్వర్డ్‌లుంటే ఒకరు దగ్గరి పోస్ట్‌కి, ఇంకొకరు పెనాల్టీ స్పాట్‌కి, అవతలి వింగర్ (పక్క గీత వెంట ఆడే ఫార్వర్డ్) దూరపు పోస్ట్‌కి. ఎవరెక్కడికో ముందే తేల్చకపోతే ముగ్గురూ దగ్గరి పోస్ట్‌లోనే గుమిగూడతారు.

షాట్: ఆధారపు కాలు బంతి పక్కన పడాలి, వెనక పడితే బంతి పైకి లేస్తుంది. చివరి టచ్‌కి ముందు ఒకసారి గోల్‌కీపర్ పాదాలు చూడాలి. కోణం నుంచి కొట్టేటప్పుడు కిందుగా, దూరపు పోస్ట్ వైపు. కీపర్ ఆపినా బంతి అటే చిందుతుంది, అక్కడ మీవాడు ఉంటే రెండో అవకాశం.

ఒక్క సెషన్‌లో వీటిలో ఒక్కదాన్నే పట్టుకోండి. ఆట ఆపితే అర నిమిషంలో మళ్లీ మొదలవ్వాలి. మీరు చేసి చూపించడం రెండుసార్లు, అంతే. స్ట్రైకర్ కోచ్‌లకు బంతి కాలికి తగిలితే వదలబుద్ధి కాదు, పదోసారి కూడా తామే గోల్ కొట్టి మురిసిపోతారు. కుర్రాళ్లు చప్పట్లు కొడతారు, నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఒక ఫినిషింగ్ సెషన్, కొలతలతో

మొదట వరస షూటింగ్ లెక్క చూడండి. 12 మంది ఒకే వరసలో నిలబడి, కోచ్ తోసిన బంతిని ఒక్కొక్కరే కొడుతున్నారు. ఒక్కో షాట్‌కి 15 సెకన్లు పడితే 20 నిమిషాల్లో 80 షాట్లు. ఒక్కొక్కరికి ఆరేడు. పైగా డిఫెండర్ లేడు, కదలాల్సిన పని లేదు. చూడ్డానికి సందడిగా ఉండటం తప్ప దీనివల్ల లాభం తక్కువ.

దాని బదులు 12 మంది ఆటగాళ్లు, ఇద్దరు గోల్‌కీపర్లు, 20 బంతులు, రెండు పూర్తి సైజు గోల్స్ పెట్టుకుందాం.

1. వార్మప్ 15 నిమిషాలు. చివరి ఐదు నిమిషాల్లో తక్కువ దూరపు పాస్‌లు, సగం బలంతో షాట్లు. చల్లబడిన శరీరంతో పూర్తి బలంగా కొడితే గజ్జల్లో కండరం పట్టేస్తుంది. గోల్‌కీపర్లకు విడిగా వార్మప్ అయ్యాకే షాట్లు మొదలుపెట్టాలి.

2. రెండు గోల్స్ దగ్గర ఆరుగురు చొప్పున: ఇద్దరు పాస్ ఇచ్చేవాళ్లు, ఇద్దరు స్ట్రైకర్లు, ఇద్దరు డిఫెండర్లు. స్ట్రైకర్ గోల్‌కి 20 మీటర్ల దూరంలో, డిఫెండర్ అతనికి రెండు మీటర్లు పక్కగా, పాస్ ఇచ్చేవాడు మరో ఎనిమిది మీటర్లు వెనక. పాస్ ఇచ్చేవాడు బంతిని ముందుకు తోసుకోవడమే గుర్తు. స్ట్రైకర్ కదిలాకే డిఫెండర్ కదలాలి. ఒక్కో ప్రయత్నం 12 సెకన్లు, నాలుగు నిమిషాలకోసారి పాత్రలు మార్చాలి, మధ్యలో నిమిషం విరామం. మొత్తం 14 నిమిషాలు. ఒక్కొక్కరికి పది ప్రయత్నాలు, డిఫెండర్ వెంటపడుతుండగా. వరసలో నిలబడి 20 నిమిషాల్లో దొరికినదానికంటే ఎక్కువే. ఆ నిమిషం విరామం గోల్‌కీపర్ కోసం, తీసేయొద్దు. మరుసటి సెషన్‌లో ఇదే అమరికలో పాస్ ఇచ్చేవాడిని గోల్ లైన్ దగ్గరికి పంపి కట్‌బ్యాక్‌లు (అక్కడినుంచి వెనక్కి ఇచ్చే పాస్‌లు) చేయించండి. బంతికి వెనక ఉన్నవాడు ఆఫ్‌సైడ్ కాడు కాబట్టి, ఆ పాస్ అందుకోవడానికి ఆగి ఉండటం నేర్పాలి.

3. గోల్స్‌ని దగ్గరికి జరిపి, 30 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పులో నలుగురి మీద నలుగురు, కీపర్లు అదనం. మూడో జట్టు నలుగురూ రెండు పక్క గీతల బయట, ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. బంతి ఎవరి దగ్గరుంటే వారికి సాయం చేస్తారు, వారికి రెండు టచ్‌లే. రెండు నిమిషాల విడతలు ఆరు, మధ్యలో 45 సెకన్లు. ప్రతి జట్టూ నాలుగు విడతలు లోపల, రెండు బయట. గోల్ పోస్ట్ దగ్గర ఐదేసి బంతులు పెట్టండి, బంతి బయటికి పోతే కీపర్ వెంటనే కొత్తది మొదలుపెట్టాలి. బంతులు తెచ్చుకోవడానికి పరిగెత్తుతూ ఉంటే రెండు నిమిషాల విడతలో ఒక నిమిషమే ఆట మిగులుతుంది.

4. 50 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పులో కీపర్లతో కలిపి ఏడుగురి మీద ఏడుగురు, తొమ్మిదేసి నిమిషాల రెండు భాగాలు. బాక్స్ లోపల ఒక్క టచ్‌తో కొట్టిన గోల్‌కి రెండు మార్కులు. కాసేపటికి ఎవరూ దూరంనుంచి కొట్టరు, డిఫెండర్లంతా గోల్ ముందు గుంపు కడతారు. అందుకే చివరి ఐదు నిమిషాలు ఆ నిబంధన ఎత్తేయండి.

చివర్లో ఐదు నిమిషాలు చల్లబడటానికి. నీళ్ల విరామాలు, కోన్‌లు మార్చే సమయం కలుపుకుంటే దాదాపు 80 నిమిషాలు.

గోల్ రాని స్ట్రైకర్‌ని ఏం చేయాలి?

ఈ విషయంలో మాజీ స్ట్రైకర్లే ఎక్కువ తొందరపడతారు, పాత గాయం గుర్తొస్తుంది కాబోలు. ముందు లెక్క చూడండి. పెద్ద లీగుల్లో సుమారు పది షాట్లకు ఒకటి గోల్ అవుతుంది. మ్యాచ్‌కి మూడు షాట్లు కొట్టే స్ట్రైకర్ ఐదు మ్యాచ్‌ల్లో 15 కొడతాడు. ఒక్కటీ గోల్ కాకపోయే అవకాశం దాదాపు ఐదింట ఒకటి. అంటే ఏ లోపమూ లేకుండానే ఐదు మ్యాచ్‌లు ఖాళీగా పోవచ్చు.

కాబట్టి గోల్స్ పక్కనపెట్టి గత ఐదు మ్యాచ్‌ల వీడియోలో బాక్స్ లోపలి షాట్లు లెక్కించండి. అవి మునుపటిలానే ఉంటే అతని షాట్ పద్ధతిని ముట్టుకోవద్దు. ఈ దశలో కాలు పెట్టే తీరు మార్చబోతే ఉన్నదీ పోతుంది. షాట్లే తగ్గితే, పరుగులు తీస్తున్నాడా లేదా చూడండి. తీస్తున్నా బంతి రాకపోతే సమస్య మిడ్‌ఫీల్డ్‌లో ఉంది. పరుగులే తీయకపోతే అలసటో, గాయం దాస్తున్నాడో, అప్పుడు మాట్లాడాల్సింది అతనితోనే.

మీ కళ్లకు కనిపించనివి

స్ట్రైకర్ ఏళ్లతరబడి మైదానాన్ని ఒకే వైపునుంచి చూశాడు. వెనక నలుగురు ఎలా కదులుతారో అతనికి తెలిసింది వాళ్లను ఎలా ఏమార్చాలో అన్నంత మేరకే. కనీసం ఒక సీజన్ వారానికో సెషన్ డిఫెన్స్ మీద మీరే నడపండి. బంతి పక్కకు వెళ్తే నలుగురూ కలిసి జరగడం, బంతి మీద ఒత్తిడి లేకపోతే వెనక్కి తగ్గడం, ఒత్తిడి ఉంటే ముందుకు రావడం, ఇవన్నీ గోల్ వెనక నిలబడి చూడండి. పక్కనుంచి చూస్తే డిఫెండర్ల మధ్య ఎడం అర్థం కాదు. జర్మన్ కోచ్ యూర్గెన్ క్లాప్ జర్మనీ క్లబ్ మైంజ్‌లో 1990లో ఫార్వర్డ్‌గా చేరి, తర్వాత డిఫెన్స్‌కి మారి, 2001 ఫిబ్రవరిలో ఆ జట్టుకే కోచ్ అయ్యాడు. రెండు చివరలూ ఆడిచూసే వీలు అందరికీ దొరకదు, అది లేనివాళ్లు సాధనతో పూడ్చుకోవాల్సిందే.

ఈ లోటు మ్యాచ్‌లో ఎక్కడ బయటపడుతుందంటే, 0-1తో వెనకబడి 15 నిమిషాలు మిగిలినప్పుడు. మాజీ స్ట్రైకర్ చెయ్యి వెంటనే మూడో స్ట్రైకర్ వైపు వెళ్తుంది. మిడ్‌ఫీల్డర్‌ని తీసి అతన్ని దింపితే, గాల్లో లేచి కింద పడే రెండో బంతులన్నీ ప్రత్యర్థికే పోతాయి, ముందున్న ముగ్గురూ ఒకే చోట ఇరుక్కుంటారు. ముందు ఫుల్‌బ్యాక్‌ని (పక్క డిఫెండర్‌ని) పైకి పంపడమో, మంచి క్రాస్ కొట్టేవాడిని దింపడమో చేసి చూడండి. మూడోవాడిని దింపక తప్పకపోతే, ముగ్గురిలో ఒకడు డిఫెన్స్‌కీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య ఉండాలని దింపేముందే చెప్పండి. పైస్థాయి పోటీల్లో ఐదు మార్పులకు ఆట మధ్యలో మూడు సందర్భాలే ఇస్తారు, హాఫ్ టైమ్ లెక్కలోకి రాదు. ఒక్కొక్కర్నీ విడివిడిగా మార్చి మూడు సందర్భాలూ వాడేస్తే, చివర్లో ఎవరికైనా గాయమైనా పదిమందితో ఆడాల్సిందే.

హాఫ్ టైమ్ 15 నిమిషాల్లో మొదటి మూడు నిమిషాలు ఆటగాళ్లను వదిలేసి అసిస్టెంట్‌తో మాట్లాడండి. తర్వాత జట్టుకు రెండు విషయాలు, మహా అయితే మూడు. బెంచ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. జట్టు జాబితా గోడకు అంటించక ముందే, తప్పించిన ఆటగాడికి మీ నోటితో చెప్పండి. సబ్‌గా దిగేవాడికి పది నిమిషాల ముందే వార్మప్‌కి సైగ చేయండి.

సీనియర్ జట్టు పిలుపు వచ్చినప్పుడు

తిరిగిన క్లబ్బులన్నీ ఇప్పుడు పనికొస్తాయి: కిట్ చూసేవాళ్లు, ఫిజియోలు, స్కౌట్‌లు, అసిస్టెంట్లు. ఉద్యోగం ఎక్కడ ఖాళీ అవుతుందో ముందుగా తెలిసేది వీళ్లకే. ఏ క్లబ్‌నుంచి వెళ్లినా తలుపు గట్టిగా వేసి వెళ్లొద్దు.

పిలిచేది చాలావరకు మునుగుతున్న క్లబ్బే. ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలు అడగండి. జీతాలు వేళకు పడుతున్నాయా? వచ్చే ట్రాన్స్‌ఫర్ విండోలో (ఆటగాళ్లు క్లబ్బులు మారే గడువులో) ఆటగాళ్లను కొనే హక్కు ఎవరిది? నాతో ఒక్క అసిస్టెంట్‌నైనా తెచ్చుకోవచ్చా? జట్టు కింది అంచెకు పడిపోయినా నన్ను ఉంచుతారా? నాలుగోది అడగడానికి మొహమాటపడతారు, అన్నిటికంటే ముఖ్యమైనది అదే. మార్క్ రాబిన్స్ మాంచెస్టర్ యునైటెడ్‌లో మొదలై ఇంగ్లండ్ క్లబ్బులే కాక స్పెయిన్, గ్రీస్ కూడా తిరిగిన స్ట్రైకర్. 2017 మార్చిలో కోవెంట్రీ సిటీ పగ్గాలు రెండోసారి పట్టాడు. ఆ సీజన్ చివర జట్టు నాలుగో అంచెకు పడిపోయింది. క్లబ్ ఆయన్నే కొనసాగించింది. 2018లో మూడో అంచెకు, 2020లో రెండో అంచెకు తెచ్చాడు, 2023లో ప్రీమియర్ లీగ్‌కి వెళ్లే ప్లే-ఆఫ్ ఫైనల్ పెనాల్టీల్లో పోయింది. పడిన రోజే పంపేసి ఉంటే వీటిలో ఒక్కటీ ఆయన ఖాతాలో ఉండేది కాదు.

కాంట్రాక్ట్‌లో మూడు చూసుకోండి. మధ్యలో తీసేస్తే ఎన్ని నెలల జీతం ఇస్తారో అంకెల్లో ఉండాలి. పై లైసెన్స్ కోర్సు ఫీజు, దానికి కావాల్సిన సెలవు రోజులు రాతపూర్వకంగా ఉండాలి. మీతో వచ్చే అసిస్టెంట్ కాంట్రాక్ట్ గడువు మీ గడువుతో ముడిపడి ఉందో లేదో స్పష్టంగా ఉండాలి. మీ ఏజెంట్ ఆటగాళ్ల కాంట్రాక్టులకు అలవాటుపడ్డవాడైతే ఈ మూడోది అతని కంట పడదు, మీరే చదవండి.